ఆటు సగం

ఏప్రిల్ 14

ఇవాళ మా పిల్ల బూట్లు ఏటి నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసులో అప్పజెప్పి వచ్చాను. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, ఏటి బురదలో దిగి నీళ్ళు పట్టడానికి వాళ్ళిచ్చినవే. గుమాస్తా వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎడమది చిరిగిందే" అన్నాడు. మనిషే పోయింది నాయనా, నీకు బూటు చిరిగిందని బాధా? అనలేదు. నోటి దాకా వచ్చింది, మింగాను. ఈ నెల రోజుల్లో ఇలా మింగినవి చాలా ఉన్నాయి.

సంతకం పెట్టమన్నాడు. అయిదో తరగతి దాకా చదివాను, పేరు రాయడం వచ్చు. నేను రాస్తుంటే గుర్రం సైకిలు తొక్కుతుంటే చూసినట్టు చూశాడు. తర్వాత పిల్ల నోటుపుస్తకం నా చేతిలో పెట్టాడు. "ఇది మాకు అక్కర్లేదు, లెక్కలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశాం" అన్నాడు.

పుస్తకం సగం ఖాళీ. పారేయబుద్ధి కాలేదు. వెనక నుంచి నేను రాసుకుంటున్నాను. ముందు వైపు పిల్లది, వెనక వైపు నాది. ఎవరికో చూపించడానికి కాదు. ఇంట్లో నేను నోరు విప్పితే ఆయన లేచి బయటికి వెళ్ళిపోతాడు. అందుకు.

ఏప్రిల్ 15

జ్వరమే కదా అనుకున్నాను.

ఏప్రిల్ 16

మళ్ళీ పనిలోకి వెళ్ళాను. చేపలు కోసే షెడ్డు. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే మూల. షెడ్డు ఆసామి వచ్చి "ధైర్యంగా ఉండాలమ్మా" అని, అదే ఊపిరిలో "ఇవాళ మూడు పడవల సరుకు" అన్నాడు. ఆయన ఓదార్పుకూ సరుకుకూ మధ్య ఈగ దూరే సందు కూడా లేదు.

ఆడవాళ్ళు చేపలు కోస్తూనే అడుగుతారు. ఎన్ని రోజులు జ్వరం, ఏ మాత్ర వేశావు, ఎప్పుడు తీసుకెళ్ళావు. రెండు రోజులు ఇంట్లోనే ఉంచానంటే "అయ్యో, ముందే తీసుకెళ్ళాల్సింది వదినా" అంటారు. వీళ్ళందరికీ ముందే తెలుసు. మనిషి పోయాక ముందే తెలిసే రకం.

ఏప్రిల్ 19

రేవు పక్క హాలులో మీటింగు. ఏటి మొగలో చేపలు తేలిపోయి ఎందుకు చస్తున్నాయో చెబుతారట. ఎండ మండిపోతోంది, హాలులో ఫ్యాన్లున్నాయి, అందుకు వెళ్ళాను. పిల్ల పనిచేసిన ఆఫీసువాళ్ళు పెట్టారని కాదు.

తెర మీద మన ఏరు. సముద్రంలో కలిసే చోటు దాకా మొత్తం గళ్ళు గళ్ళుగా కోసి పెట్టారు. ఒక్కో గడిలోకి పోటుకు ఎంత నీరొస్తుంది, ఆటుకు ఎంత పోతుంది, ఆ నీళ్ళలో పోషకాలు ఎన్ని, నాచు ఎంత తింటుంది, బురద ఎంత దాచుకుంటుంది, ఇదంతా కంప్యూటర్ కూడి తీసేసి చెబుతుందట. దాని పేరు మోడల్. ఏరు ఏనాడైనా గళ్ళు చూసుకుని పారిందా అని పక్కనున్న పెద్దక్కతో అన్నాను. కిసుక్కున నవ్వింది. పెద్దక్క షెడ్డులో నా పక్క బల్ల. అక్క అంటాం గానీ ఎవరికీ అక్క కాదు.

చెప్పే ఆవిడ చిన్నదే, నలభై ఉండవు. గళ్ళ మేడం అని పేరు పెట్టాను. పోషకాలు ఎక్కువై నీళ్ళకు జబ్బు చేసిందంది. విన్నారా! మా బతుకంతా తిండి చాలక జబ్బు పడటమే చూశాం. ఏటికి మాత్రం తిన్నది ఎక్కువై జబ్బట. నాచు విపరీతంగా పెరుగుతుంది, చస్తుంది, కుళ్ళుతుంది, ఆ కుళ్ళు నీళ్ళలోని గాలంతా తాగేస్తుంది, చేపలకు ఊపిరాడదు. ఈ ముక్క చెప్పడానికి అంత తెర, అన్ని రంగులు. ఎగువ పొలాల్లో ఎరువు తగ్గించాలి, అదే మందు అంది. ఎగువ రైతు ఒక్కడూ హాలులో లేడు కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆసామి అందరికంటే గట్టిగా కొట్టాడు.

అప్పుడు అంది ఆ మాట, తెర మీద కూడా అదే రాసి ఉంది. "ఏడో చోటు లెక్కలు మోడల్‌కు అసలు అతకలేదు. సముద్రపు నీరు లోపలికి వచ్చే వేళ కూడా అక్కడ పోషకాలు చాలా ఎక్కువ చూపించాయి. అలా జరగడానికి వీల్లేదు. నమూనాలు తీయడంలో నిర్లక్ష్యంగా భావించి ఆ చోటును పక్కన పెట్టాం."

ఏడో చోటు పిల్లది. పద్నాలుగు నెలలు అక్కడ దిగింది అదొక్కతే.

సీసాను మూడుసార్లు అక్కడి నీళ్ళతోనే తొలిచి నాలుగోసారి పట్టాలట. ఆ అలవాటుతో ఇంట్లో మంచినీళ్ళ చెంబు కూడా మూడుసార్లు తొలిచేది. నీళ్ళు దుబారా అని తిట్టేదాన్ని. దానిది నిర్లక్ష్యమట.

లేచి నిలబడ్డాను. పెద్దక్క నా మోచెయ్యి పట్టి కూర్చోబెట్టి "పోనీవే. ఎదురు చెప్పలేనివాళ్ళ మీదకు నెట్టడం అందరికీ సులువే" అంది.

ఏప్రిల్ 20

ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా "చెప్పి వచ్చారా, ఊరికే వచ్చారా" అన్నాడు. "బూట్లు తెచ్చిన రోజు ఇది అడగలేదే" అని లోపలికి పోయాను.

గళ్ళ మేడం లేచి నిలబడింది. "మీరు..."

"సీసాలు కడగని దాని తల్లిని."

"అమ్మా, మేం అలా అనలేదు."

"తెర మీద రాశారు. అయిదు చదివినా ఆ మాట చదవగలను."

ఆవిడ కుర్చీ నా వైపు జరిపి, కంప్యూటర్ నా వైపు తిప్పి, ఏడో చోటు వరసలు తెరిచింది. తేదీ, సమయం, అంకె. తేదీలు మారుతున్నాయి, అంకెలు మారుతున్నాయి, సమయం మాత్రం పైనుంచి కింద దాకా పదకొండు.

"ఇదేంటి, అన్నీ పదకొండే?"

"నమూనా తీసిన వేళ అమ్మా."

"పదకొండింటికి అది ఇక్కడ, మీ ఆఫీసులో, ఎప్పుడో పట్టిన సీసాలు అప్పజెబుతూ ఉండేది. ఏట్లో ఎలా ఉంటుంది? రెండు ఒళ్ళున్నాయా దానికి?"

సంచీలోంచి ఈ పుస్తకం తీసి ముందు వైపు చూపించాను. ప్రతి వరసలోనూ పిల్ల రాత. ఆటు సగం. ఆటు సగం. ఆటు సగం. పద్నాలుగు నెలల పొడుగునా అంతే. నీరు దిగడం మొదలై సగానికి వచ్చిన వేళ. మా ఇంట్లో ఎవరూ గడియారం చూసి ఏట్లో దిగరు, నీళ్ళు చూసి దిగుతారు. బురదలోకి గడియారం కట్టుకుని పోతే రెండో రోజుకు గడియారమూ బురదే.

మేడం గుమాస్తాను పిలిచింది.

"సమయం గడిలో అంకెలే పడతాయి మేడం" అన్నాడు. "అక్షరాలు కొడితే ఎర్రగా గీత వచ్చి అరుస్తుంది. అందుకని సీసాలు నా చేతికొచ్చిన టైము వేశాను."

"పద్నాలుగు నెలలా?"

"రోజూ అరుస్తుంటే నన్నేం చేయమంటారు? అన్నీ ఒకేలా ఉంటే బాగుంటుంది కదా అని."

నీరు దిగేటప్పుడు పట్టిన సీసాలకు నీరు ఎక్కే వేళ అంటగట్టి, మళ్ళీ అవి అబద్ధాల సీసాలని పారేశారు. ఇంత చదువు చదివినవాళ్ళు.

మేడం ఆ పేజీలు చివరిదాకా తిప్పింది. "మీ అమ్మాయి తప్పు లేదమ్మా. మాదే" అంది.

"ఆ మాట నాకెందుకు? తెర మీద చెప్పండి."

"చెబుతాను. ముందు సరైన వేళలు వేసి మోడల్‌ను మళ్ళీ నడిపించాలి. ఏ తేదీన ఆటు సగం ఎప్పుడో రేవు పట్టికలో ఉంటుంది. నాలుగు రోజులు ఇవ్వండి."

ఏప్రిల్ 21

గుమాస్తాకు కూడా పేరు పెట్టాను. పదకొండు.

ఏప్రిల్ 22

ఆయనకు చెప్పాను. ఐసు బండి తోలి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు.

"ఇప్పుడు అవన్నీ ఎందుకు?"

"పిల్ల పేరు."

"పేరు వస్తే పిల్ల వస్తుందా?"

ఏడాదికి ఒక్క మాట మాట్లాడే మనిషి. ఆ ఒక్కటీ ఇలాంటిది.

ఏప్రిల్ 23

మళ్ళీ ఆఫీసు ముందు నుంచి వచ్చాను. దారి అదే కాబట్టి. కాదు, దారి అది కాదు. ఎవరికి చెబుతున్నాను ఈ అబద్ధం.

ఏప్రిల్ 25

మేడం కబురు పెట్టింది. వెళ్ళాను.

తెర మీద ఒక గీత, కొన్ని చుక్కలు. నీలం గీత మోడల్ చెప్పేది, నల్ల చుక్కలు పిల్ల సీసాలు చెప్పినవి. ముందు చుక్కలన్నీ ఎక్కడో, గీత ఎక్కడో. తర్వాత మేడం ఏదో నొక్కింది. గీత లేచి వచ్చి ఒక్కో చుక్కను తాకుతూ పోయింది. పిల్ల బురదలో అడుగులు వేసుకుంటూ పోతే వెనకాల ఎవరో ఆ అడుగుల్లోనే కాళ్ళు పెట్టి నడుస్తున్నట్టు. కంప్యూటర్ చూసి కళ్ళు తుడుచుకున్నాను. ఇంతకంటే దిగజారడం ఏముంది.

"అతికాయి అమ్మా. కానీ ఒక్క షరతు మీద" అంది మేడం. "ఏడో చోటు దగ్గర ఏదో ఒకటి ఆటు సగానికి తెరుచుకోవాలి. గంటసేపు. వారానికి ఆరు రోజులు. ఏడో రోజు పట్టిన సీసాల్లో ఏమీ లేదు. అలా అనుకుంటేనే లెక్క కుదురుతోంది. అక్కడ ఒడ్డంతా మడపొదలు, పైనుంచి ఏమీ కనబడదు. అక్కడ ఏముందో మీకేమైనా తెలుసా?"

నేను వేరే అడిగాను. "ఆటుకు వదిలినది సముద్రంలోకి పోదా?" ఊరికే అడిగినట్టు.

"పోదమ్మా. మొగ దగ్గర ఇసుక మేట వేసింది. సగం దూరం వెళ్ళి పోటుతో వెనక్కి వస్తుంది. చేపలు చచ్చిన గళ్ళన్నీ ఆ దారిలోనే ఉన్నాయి."

"మోడల్ చెబితే నిజమేనా?"

"మోడల్ తప్పు చెబుతుందని మాకూ తెలుసు. అది ఎక్కడ తప్పుతోందో అక్కడ మాకు తెలియనిది ఏదో ఉన్నట్టు. ఆ చోటు మీ అమ్మాయి మా అందరికంటే ముందు పట్టుకుంది. ఎందుకో పైకి చెప్పలేదు."

అక్కడి నుంచి వచ్చేది ఏమిటో మే రెండు లోపు తేలితే పిల్ల లెక్కలు రిపోర్టులో అసలు పేజీల్లోకి వస్తాయట. తేలకపోతే పైవాళ్ళు వాటిని 'అనుమానం' అని చివర్లో పడేస్తారట. ఎరువు ఒక్కటే దోషి అవుతుంది.

నాకు తెలియదు అన్నాను. అక్కడ ఏముందో నాకు తెలియదు.

ఏప్రిల్ 26

నాకు తెలియదు.

ఏప్రిల్ 27

తెలియకపోవడమేమిటి.

షెడ్డు వెనక తొట్టి ఉంది. నెత్తురు, పొలుసు, పేగులు, రొయ్యల తలలు ఉడికించిన నీళ్ళు, బల్లలు కడిగిన నీళ్ళు, అన్నీ అందులోకి. తొట్టికి తూము, తూముకు చెక్క పలక. పలక ఎత్తితే పొదల కిందుగా ఏట్లోకి. పోటప్పుడు ఎత్తితే కంపు మన ముక్కుకే తిరిగొస్తుంది కాబట్టి ఆటు సగానికి ఎత్తాలి. సముద్రం తీసుకుపోతుందని అందరి నమ్మకం. ఆటు ఎప్పుడు సగమైందో నీళ్ళ రంగు చూసి చెప్పగలిగేది షెడ్డులో నేనొక్కదాన్నే. అందుకే ఆసామి ఆ పని నాకిచ్చాడు. పంతొమ్మిదేళ్ళు దాన్ని గౌరవం అనుకున్నాను. పెంట కాలువకు కాపలా, అదీ నా గౌరవం.

ఫిబ్రవరిలో పిల్ల అడిగింది. వంటింటి గడప మీద కూర్చుని, కాళ్ళకు అంటిన బురద గోకుతూ.

"అమ్మా, ఒక్క వారం పలక ఎత్తకు. నీళ్ళు ఎలా ఉంటాయో చూస్తాను."

"రెండో రోజుకే షెడ్డు మునుగుతుంది."

"అయితే వడపోసే తొట్టి కట్టించమని ఆసామికి చెప్పు."

"నువ్వెవరే నాకు పని నేర్పడానికి? నా నోట్లో మట్టి కొట్టడానికా నిన్ను చదివించింది?"

అది నవ్వింది. "మట్టి కాదమ్మా, నత్రజని."

ఆ రోజు నాకు నవ్వు రాలేదు. దానితో మూడు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత అది పలక ఊసు ఎత్తలేదు. ఈ పుస్తకమంతా వెతికాను. షెడ్డు అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఏడో చోటు, ఏడో చోటు, అంతే. మేడం అడిగిందే, ఎందుకో పైకి చెప్పలేదని. ఎందుకు చెబుతుంది, చెబితే తల్లి పని పోతుంది.

ఏప్రిల్ 28

పెద్దక్కను కదిపి చూశాను. "తొట్టి నీళ్ళ సంగతి ఆఫీసువాళ్ళకు తెలిస్తే ఏమవుతుంది?"

"ఎవరు చెబుతారేం?"

"ఎవరో."

"ఆ ఎవరో వచ్చి ముప్పైమంది ఆడవాళ్ళకు పని చూపించి, తర్వాత చెప్పమను." కత్తి ఆపలేదు. చేప తల తీసి పక్కకు తోసి, అప్పుడు నా మొహం చూసింది. "నీ పిల్ల పోయింది. నిజమే. మా పిల్లలు ఇంకా తింటున్నారే."

ఆమెను అసహ్యించుకుందామని సాయంత్రం దాకా ప్రయత్నించాను. కుదరలేదు. నా మీద తేలిగ్గా కుదిరింది.

ఏప్రిల్ 30

ముందు వైపు చివరి వరస. ఇన్నాళ్ళూ చదవలేదు. ఇవాళ చదివాను.

మార్చి 9. ఏడో చోటు. ఆటు సగం. ఎడమ బూటు చిరిగింది. ఆల్చిప్ప గీసుకుని కాలు తెగింది. నమూనా బాగా వచ్చింది.

పదో తేదీన జ్వరం. పదకొండున కాలు నల్లబడింది. పన్నెండున ఆస్పత్రి. డాక్టరు మొదట అడిగింది జ్వరం గురించి కాదు. "ఈ గాయంతో ఏ నీళ్ళలో నిలబడింది?" అన్నాడు. ఏటి నీళ్ళు అన్నాను. ఆయన రాసుకున్నాడు. అవి ఏటి నీళ్ళు కావు.

మార్చి 9 సెలవు రోజు కాదు. ఆ రోజు పలక ఎత్తింది ఎవరు?

ఇంకెవరు.

మే 2

చెప్పేశాను.

మేడం గదిలో పై అధికారి కూడా ఉన్నాడు. చొక్కాకు రెండు పెన్నులు, రెండూ మూతపెట్టినవే. "ఆ నీళ్ళు వదలడం మీరు కళ్ళారా చూశారా?" అన్నాడు.

"చూడటమేంటి, నేనే ఎత్తుతాను."

"ఇలా చెబితే మీ ఉద్యోగానికి..."

"మీరు రాసుకోండి. నా ఉద్యోగం ఏడుపు నేను ఏడుస్తాను."

మేడం ఒక్కొక్కటే అడిగి రాసింది. ఎన్ని రోజులు, ఎంతసేపు, తొట్టి ఎంత లోతు, రొయ్యల సీజన్‌లో ఎంత నిండుతుంది. అన్నీ చెప్పాను. మోడల్ అనుకున్న గంటకు బదులు నేను ముప్పావు గంట అన్నాను, అది కూడా దిద్దుకుంది. చివరకు పిల్ల వరసలు ముందు పెట్టుకుని ఒక్కో తేదీ సరిచూస్తూ వచ్చింది. "జనవరి 20?" ఎత్తాను. "ఫిబ్రవరి 18?" ఎత్తాను. "మార్చి 9..."

"ఆ రోజు కూడా నేనే."

ఆవిడకు అప్పుడు అర్థమైంది. పెన్ను ఆగిపోయింది. నా మొహం చూస్తోంది. ఆ జాలి నాకొద్దు.

"రాయండి మేడం. గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ అరుస్తుంది కదా" అన్నాను.

రాసింది.

మే 3

షెడ్డులో ఎవరూ పలకరించలేదు. ముందే తెలిసే రకానికి ఇది కూడా ముందే తెలిసిపోయింది.

మే 9

హాలులో మళ్ళీ మీటింగు. ఈసారి ఫ్యాన్ల కోసం వెళ్ళానని రాయను.

మేడం చెప్పింది, తెర మీద, అందరి ముందు. ఏడో చోటు లెక్కలు సరైనవని, తప్పు ఆఫీసుదని, ఆ అమ్మాయి తీసిన సీసాల వల్లే చేపలు చచ్చే దారి తెలిసిందని. నిర్లక్ష్యం అన్న మాట ఎక్కడా లేదు. ఆయన నా పక్కనే కూర్చున్నాడు. ఐసు బండి వదిలేసి ఎప్పుడొచ్చాడో తెలియదు. తెర మీద చుక్కలన్నీ ఒక్కోటి వేలితో లెక్కపెట్టుకున్నాడు.

తర్వాత పై అధికారి లేచి ఆర్డరు చదివాడు. ఎగువ రైతులు ఎరువు తగ్గించుకోవాలి. షెడ్డు ఆసామి తొంభై రోజుల్లో వడపోసే తొట్టి కట్టుకోవాలి. అంతవరకు పనులు యథాప్రకారం. ఏటికి తొంభై రోజులు ఊపిరి బిగబట్టమని ఆర్డరు. ఆసామి ఈసారి కూడా చప్పట్లు కొట్టాడు, మెల్లగా.

బయట నన్ను ఆపి "నిన్ను తీసేస్తే కక్ష అంటారు. తీయను" అన్నాడు. "రేపట్నుంచి పలక పెద్దక్క ఎత్తుతుంది. నువ్వు బల్ల దగ్గరే ఉండు."

మే 10

ఇవాళ ఆటు సగం ఎనిమిదింటికి. పెద్దక్క రాకముందే వెళ్ళి తొట్టి గట్టు మీద కూర్చుని, రెండు కాళ్ళూ పలక మీద తన్నిపెట్టాను.

"లేవవే" అంది పెద్దక్క.

"లేవను."

"తొట్టి నిండిపోయింది. నీళ్ళు షెడ్డులోకి తన్నుతున్నాయి."

"తన్ననీ."

చెయ్యి పట్టి లాగింది. నేను కదల్లేదు. తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆసామి వచ్చి ఆర్డరు కాగితం ఊపాడు, అందులో తొంభై రోజులని ఉందని. మోడల్‌కు చెప్పుకోండి, అది ఒప్పుకుంటే ఎత్తుతాను అన్నాను. పిచ్చిపట్టింది దీనికి అని అరిచాడు. నన్ను ముట్టుకోవడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు.

తొమ్మిదికల్లా నెత్తురు నీళ్ళు గచ్చు మీదకు వచ్చాయి. పొలుసులు తేలుతున్నాయి. చీలమండల దాకా వచ్చేసరికి ఆడవాళ్ళు చీరలు ఎత్తిపట్టుకుని బల్లలెక్కారు. ఛీ ఛీ అంటూ గోల. "ఈ కుళ్ళులో ఎలా నిలబడమంటావే!" అని ఎవరో అరిచారు.

"నిలబడండి" అన్నాను. "నా పిల్ల నిలబడలేదా."

నీళ్ళు బల్లల కాళ్ళకు కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే. పెద్దక్క బల్ల దిగలేదు. కత్తి మాత్రం కింద పెట్టింది.

పోటు మొదలయ్యేదాకా నేను లేవలేదు. రేపు ఆటు సగం ఎనిమిదీ యాభైకి.